మడమ కింద ముడి

గ్యాండర్,
మార్చి 9, 1974

స్పూన్ కోవ్ నుంచి చెల్లాచెదురైన ప్రియమైన బంధువులందరికీ,

ప్రభుత్వం మన రేవును ఖాళీ చేయించినప్పుడు ఎవరికి తోచింది వాళ్లు మోసుకొచ్చారు. జెత్రో బావ అయితే ఇంటికి ఇల్లే పడవకు కట్టి సముద్రం మీద ఈడ్చుకొచ్చాడు. దారంతా పొయ్యి మీది కెటిల్లో టీ చుక్క కూడా ఒలకలేదని ఇప్పటికీ చెబుతాడు. ఏటేటా ఆ కెటిల్ ఇంకాస్త నిండుతోంది. నేను తెచ్చుకున్నది మా అమ్మ డోర్కస్ దాచిన బిస్కెట్ల డబ్బా. అందులో మా తాత ఒబడయా పిన్‌సెంట్, ఆయన కొడుకు లెవి మొదటి ప్రపంచ యుద్ధంలో రాసుకున్న ఉత్తరాలున్నాయి. తాత రాసినవి కూడా ఎలా మిగిలాయంటే, పటాలం వాళ్లు లెవి మామ సంచీని ఇంటికి పంపారు.

తాత బడి ముఖం చూడలేదు. చలి రాకుండా వంటింటి గోడలకు అంటించిన పాత పత్రికలు చూసి చదువు నేర్చాడు. ఆయన చెప్పే కథల్లో చాలావాటికి ముగింపు ఉండదు. గోడ మీద ముగింపు ఉన్న మూలకు అలమర అడ్డం. దారి తప్పే ఆ జబ్బు నాకూ వచ్చింది. ట్రైఫీనా అమ్మమ్మకు అక్షరమ్ముక్క రాదు, ఆవిడ చెబుతుంటే తాతే రాసేవాడు. మా అమ్మకు అప్పుడు ఆరేళ్లు. ఏడిళ్ల రేవులోంచి యుద్ధానికి వెళ్లింది లెవి మామ ఒక్కడే. ఇంతకంటే తెలియాల్సిందేమీ లేదు. చదవండి.

మీ
హెడ్లీ రైడౌట్

*

పేరు రాయనివ్వని చోటు నుంచి,
అక్టోబర్ 22, 1915

ప్రియమైన అమ్మకూ నాన్నకూ,

నేను క్షేమం. ఇక్కడ తుపాకులకంటే ఈగలెక్కువ. నిన్న నేను జామ్ రొట్టె తినబోతుంటే మా సార్జెంటు "పిన్‌సెంట్, ఆ ఈగను తీసేసి తినవయ్యా" అన్నాడు. "ఏది ఈగో, ఏది జామో చెప్పండి సార్, తీసేస్తా" అన్నాను. అప్పట్నుంచి నామీద దయగానే ఉన్నాడు.

అమ్మా, పగలు ఎండ, పొద్దు వాలితే కాళ్లు కొయ్యబారే చలి. దొరసానులు అల్లిన మేజోళ్లు పంచిపెట్టారు. అవి ఏ జంతువు కాలు చూసి అల్లారో దేవుడికే తెలియాలి. వారానికే వాటి మడమలు ఊడిపోయాయి. వీలైతే నువ్వు అల్లినవి పంపించు. డోర్కస్‌కు ముద్దులు.

మీ అబ్బాయి
లెవి

*

స్పూన్ కోవ్,
డిసెంబర్ 5, 1915

ప్రియమైన లెవీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి వినిపించాను. మీ అమ్మ ఈగల దగ్గర నవ్వింది, కాళ్ల దగ్గర ఏడ్చింది. మూడోసారి అటుదిటు ఇటుదటు చేసింది. ఇప్పుడు నా భుజం మీదుగా తొంగి చూస్తోంది.

"ఏం రాస్తున్నావయ్యా ఇంతసేపు?"

"క్షేమం అని."

"క్షేమానికి అన్ని వంకరగీతలా? మళ్లీ ఆ మేక సంగతి మొదలెట్టావు కదూ?"

మొదలెట్టాను మరి. మన మేక పాదిరిగారి టోపీ తినేసింది. ఆయన ఆదివారం బోడితలతో ప్రసంగం చేస్తుంటే మేక గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నది. ఆయన ప్రసంగం చివరిదాకా విన్న ప్రాణి అదొక్కటే.

మీ అమ్మ చెప్పినది చెప్పినట్టు రాయమంటోంది: "ఒరే లెవీ, తడి మేజోళ్లతో పడుకున్నావని తెలిస్తే యుద్ధంలో ఉన్నావని కూడా చూడను, వచ్చి చెవి మెలిపెడతా. నాలుగు జతలు పంపుతున్నా. ఇంకొకడికి దానం చేసేవు జాగ్రత్త."

ఆవిడకు కాస్త దగ్గు. దగ్గునూ తిడుతూనే ఉంది, కాబట్టి బాగానే ఉన్నట్టు.

నీ నాన్న
ఒబడయా

*

స్పూన్ కోవ్,
మార్చి 14, 1916

ప్రియమైన లెవీ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ బాగుంది. నీకు దీవెనలు చెప్పమంది. దగ్గు తగ్గిపోయింది.

ఈ ఏడు మంచు కిటికీల దాకా వచ్చింది. మేక ఇంటికప్పు ఎక్కి పొగగొట్టం పక్కన వెచ్చగా పడుకుంటోంది. పక్కింటి సైలస్ వచ్చి "ఒబడయా, మీ ఇంటికి మేక కాసిందేమిటి?" అన్నాడు. ఇంకో సంగతి. చిన్నప్పుడు మా నాన్న చూసిన తిమింగలం గురించి నీకు సగమే చెప్పాను. మిగతా సగం ఏమిటంటే, అది పడవ కింద దూరి ఒక గంటసేపు కదలకుండా ఉంది. పడవలో ఉన్నవాళ్లెవరూ మాట్లాడలేదు. మాట్లాడితే లేస్తుందని. ఇదంతా రాస్తుంటే మీ అమ్మ ఏమీ అనలేదు.

ఆరు జతల మేజోళ్లు పంపుతున్నాం. ఆవిడ చేతులకు కాస్త తిమ్మిరి. అల్లిక అటూ ఇటూ ఉంటే ఏమీ అనుకోకు.

నీ నాన్న
ఒబడయా

*

ఫ్రాన్స్,
ఏప్రిల్ 20, 1916

ప్రియమైన నాన్నా,

మేజోళ్లు అందాయి. వెచ్చగా ఉన్నాయి. ఆరు జతలు చాలు, ఇంక అల్లించకు.

ఇక్కడ పచ్చటి పొలాలు. చేపవాసన లేని గాలి పీల్చి మావాళ్లు సగంమందికి ఆకలి పోయింది. ఒక రైతు ముసలమ్మ మాకు గుడ్లు వేయించి పెట్టింది. "ఇంత సన్నగా ఉన్నావేం?" అని సైగ చేసి అడిగింది. పళ్లెం పట్టుకుని బయటికొచ్చి తిన్నాను.

నువ్వు వేళకు తింటున్నావా? డోర్కస్‌కు జడ ఎవరు వేస్తున్నారు? అమ్మనడిగి రాయడం కాదు, నిన్నే అడుగుతున్నాను.

నీ
లెవి

*

స్పూన్ కోవ్,
జూన్ 1, 1916

ప్రియమైన లెవీ,

జడ మీ అమ్మే వేస్తుంది, ఇంకెవరు వేస్తారు. మూడు పాయలూ తాడు పేనినట్టే కదా అనుకుంటాం గానీ అది వేరే విద్య. డోర్కస్ అద్దంలో చూసుకుని "ఇది జడ కాదు, లంగరు తాడు" అని ఏడ్చింది. విప్పి మళ్లీ వేశాను. అంటే, మీ అమ్మ వేసింది.

నేను వేళకే తింటున్నాను.

ఇప్పటికి నేల మెత్తబడింది. మంగళవారం నేనూ సైలస్ కొండ మీద తవ్వాం, సముద్రం కనిపించే వైపు. చలికాలమంతా దానికోసమే ఆగాం. పాదిరిగారు కూడా పడవ వేసుకుని వచ్చారు. బంగాళాదుంపలకు చోటు చేశామనుకో. ఇంకేముంది, చేపలు ఇంకా రాలేదు. మేక సంగతి ఈసారి రాయబుద్ధి కావడం లేదు.

నీ నాన్న
ఒబడయా

*

ఫ్రాన్స్,
జూన్ 28, 1916

ప్రియమైన నాన్నా,

నీ ఉత్తరం ఈ రోజే అందింది. అమ్మ ఎప్పుడు పోయింది?

నాకు ఏప్రిల్లోనే తెలిసింది. పన్నెండు మైళ్లు నడిపించిన రోజు మడమ కింద రాయి ఉందనుకుని బూటు విప్పాను. రాయి లేదు. మేజోడులో ముడి ఉంది. దారం అయిపోతే అమ్మ రెండు కొసలూ కలిపి పేని అల్లుకుపోతుంది గానీ ముడి వెయ్యదు. మన తీరంలో ఏ ఆడమనిషీ వెయ్యదు. అది వలముడి నాన్నా. చినిగిన వలకు నువ్వు వేసే ముడి. చిన్నప్పట్నుంచీ నీ పక్కన కూర్చుని వెయ్యి చూశాను, నాకు తెలియదా?

దారి పక్కనే కూలబడ్డాను. సార్జెంటు వచ్చి "ఏమయింది పిన్‌సెంట్, పుండా?" అన్నాడు. "అవును సార్" అన్నాను. ఆయన నా చేతిలోని మేజోడు వైపు చూసి, "ఇంటి దగ్గర్నుంచి వచ్చిన పుండా?" అన్నాడు. ఆయనకెలా తెలిసిందో. ముడి విప్పుదామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఆరు జతలూ అలాగే తొడిగాను.

నీ అంతట నువ్వు చెప్పేదాకా తెలియనట్టే ఉందామనుకున్నాను, నీకదే ఊరటేమోనని. కానీ జడ గురించి చదివాక ఇక నావల్ల కాదు. ఏ రోజు పోయింది? ఎలా పోయింది? ఏమంది? ఒక్కసారికి మేకలూ తిమింగలాలూ లేకుండా రాయి. మాకు త్వరలో పెద్ద పని ఉందంటున్నారు. ముగిశాక తీరిగ్గా కూర్చుని చదువుకుంటాను.

నీ కొడుకు
లెవి

*

గ్యాండర్, 1974

ప్రియమైన బంధువులారా,

మధ్యలో ఒక మాట. పై ఉత్తరం స్పూన్ కోవ్‌కు జూలై 29న చేరింది. లెవి మామ జూలై ఒకటి ఉదయమే పోయాడు. ఆ పొద్దున మన దీవి పటాలం ఎనిమిది వందలమంది కందకం గట్టు దాటి దాడికి దిగారు. మర్నాడు హాజరు పిలిస్తే పలికినవాళ్లు డెబ్బైమంది లేరు. మన రేవుకు తంతి లేదు. కబురు పట్టుకుని పాదిరిగారి పడవ వచ్చింది ఆగస్టు 4న. కింది ఉత్తరం తాత ఆ మధ్య రోజుల్లో రాశాడు. అది విప్పకుండానే తిరిగొచ్చింది, పైన మనిషి లేడన్న ఎర్రటి ముద్ర ఉంది. తాత కూడా విప్పలేదు. ఆయన పోయాక మా అమ్మ విప్పింది.

దీనికి నేనేమీ కలపను. నాకిది మొదటిసారి.

హెడ్లీ

*

స్పూన్ కోవ్,
జూలై 30, 1916

నాయనా లెవీ,

ఫిబ్రవరి పదకొండు, శుక్రవారం, మధ్యాహ్నం.

దగ్గు ఛాతీలోకి దిగింది. డాక్టరున్న ఊరు ముప్ఫై మైళ్లు. సముద్రం మీది మంచు పడవ పోనివ్వనంత గట్టిగా, మనిషిని మొయ్యలేనంత మెత్తగా ఉంది. నేనూ సైలస్ రెండు మైళ్లు పోయాం. సైలస్ నడుముదాకా దిగబడ్డాడు. వాణ్ని లాక్కుని తిరిగొచ్చాను. ముందుకు పోయి ఉండాల్సిందా అని రోజూ అనుకుంటాను. సైలస్‌కు నలుగురు పిల్లలు.

ఐదు రోజులు పడుకుంది. ఆఖరిదాకా తెలివిగానే ఉంది.

"వాడికి చెప్పకయ్యా" అంది.

"ఎందుకే?"

"మనసు ఇంటి దగ్గరున్నవాడు పడవలో నిలదొక్కుకోలేడు. వాడు ఒడ్డుకు వచ్చాక చెప్పు."

"అంత అబద్ధం నాకు రాయడం రాదే."

"ఇరవయ్యేళ్లుగా చెబుతున్నది ఏమిటో మరి" అంది. నవ్వబోయింది, దగ్గొచ్చింది. మళ్లీ మాట్లాడలేదు.

నేల గడ్డకట్టి ఉంది. శవపెట్టెను ప్రార్థనాలయం వెనక మంచులో పెట్టి తెరచాప గుడ్డ కప్పాం. మే ముప్ఫై దాకా అక్కడే ఉంది. ఎవరైనా చూస్తే బాగుండదని చేపల పాకకు వెళ్తున్నట్టు రోజూ అటే వెళ్లేవాణ్ని.

ఆవిడ అల్లిన నీ పాత జత ఒకటి ఉంటే, ఎలా అల్లిందో తెలుసుకుందామని మడమ దాకా విప్పాను. దారం లాగితే ఎంత సులువుగా వచ్చేసిందో. తిరిగి అల్లడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ముడి పాదానికి తగులుతుందని తట్టలేదు నాయనా. వలకు తగిలితే ఏమవుతుంది? నీ మడమ పుండు పడి ఉంటే నన్ను క్షమించు.

ఇంకొకటి చెప్పాలి. ఆవిడ అడిగిందనే నీకు దాచాననుకోకు. నీకు ఉత్తరం రాసే రోజున ఆవిడ ఇంట్లో ఉండేది. బాగుంది అని రాస్తే కాసేపు బాగానే ఉన్నట్టుండేది. ఇప్పుడు నీకు చెప్పేశాను. ఇంట్లో ఎవరూ లేరు.

డోర్కస్ భయపడుతుందని దాని ముందు ఏడవలేదు. రేవులో మగవాడు ఏడిస్తే చేపలు రావంటారు కాబట్టి పడవలోనూ ఏడవలేదు. నువ్వయినా ఏ గట్టు పక్కనో కూర్చుని ఏడువు. ఏడ్చానని ఒక్క ముక్క రాయి, ఇంకేమీ రాయకపోయినా సరే. మనం ఇద్దరమని తెలిస్తే చాలు. అందాకా నేనొక్కణ్ణే.

నీ నాన్న
ఒబడయా