బల్లిరాజు తప్పులు

పిన్నికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. వచ్చే శనివారం మధ్యాహ్నం మా కాలేజీ విజ్ఞాన సంఘం ఒక పాత సినిమా వేస్తోంది. పెళ్లికి ముందు నువ్వు దుస్తులు కుట్టిన "శుక్రలోకపు బల్లిరాజు". ఎంపిక చేసింది మా ప్రిన్సిపాల్ గారే. ఆయన నవ్వగా ఇంతవరకు ఎవరూ చూడలేదు. సినిమా అయ్యాక అందులోని తప్పుల మీద ఫిజిక్సు లెక్చరరుగా నేను మాట్లాడాలి. ఇప్పటికి నలభై ఒకటి పట్టుకున్నాను. ఎవరి నోటో విని నొచ్చుకుంటావని ముందే రాస్తున్నాను.

ఉంటాను,
నీ అక్క కొడుకు

తా.క.: నువ్వు రానక్కర్లేదు. మెట్లు ఎక్కువ.

~

చిరంజీవి అబ్బాయికి పిన్ని దీవెనలు.

నలభై ఒకటేనా? నాకు తెలిసే అరవై ఉన్నాయి. నీది మొదటి నుంచీ చూపు తక్కువ. జాబితా జతచేస్తున్నాను. బల్లిరాజు ఎడమ చెయ్యి కుడిచేతి కన్నా జానెడు పొడుగు. రబ్బరు మిగిలింది, పారెయ్యబుద్ధి కాలేదు. వాడి వీపున ఒక సీనులో జిప్పు, ఇంకో సీనులో బొత్తాలు. రాణిగారి కిరీటం మా వంటింటి జల్లెడ. నా కుట్టు మీద కాలేజీలో ఉపన్యాసం అంటే మాటలా? మెట్లదేముంది, ఎక్కుతాను.

ఇట్లు,
పిన్ని

తా.క.: వేదిక మీద నన్ను దర్జీ అనే చెప్పు. 'కాస్ట్యూమ్ డిజైనర్' అంటే ఎవరినో అంటున్నావనుకుని నేనే చప్పట్లు కొడతాను.

~

పిన్నికి నమస్కారాలు.

నేనంటున్నది కుట్టు తప్పులు కాదు, సైన్సు తప్పులు. శుక్రగ్రహం మీద సీసం కరిగిపోయేంత వేడి. అక్కడ హీరో హెల్మెట్ తీసి పాట పాడతాడు. గాలి లేని ఆకాశంలో బాంబు ఢామ్మని పేలుతుంది. రాకెట్టుకి కట్టిన తాడు కనిపిస్తూనే ఉంటుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు. నువ్వు అక్కడ కూర్చుని అదంతా వినాలా? పైగా ప్రిన్సిపాల్ గారి ముందు నా పరువు కూడా చూడు.

ఉంటాను,
నీ అక్క కొడుకు

తా.క.: ఆ జాబితాలోంచి జల్లెడ ఒక్కటి వాడుకుంటాను.

~

చిరంజీవి అబ్బాయికి దీవెనలు.

హీరో హెల్మెట్ తియ్యకపోతే వాడి మొహం ఎవరు చూస్తారు? బాంబు చప్పుడు చెయ్యకపోతే వెనక బెంచీ వాడికి పేలిందని ఎలా తెలుస్తుంది? ఇవన్నీ తెలియక చేశామనుకున్నావా? తాడు హాల్లో ప్రతివాడికీ కనిపించింది. అయినా రాకెట్టు లేస్తుంటే అందరూ నేల మీంచి కాళ్లు పైకెత్తారు. నా కళ్లతో చూశాను. నీ క్లాసులో ఎవడైనా ఒక్కసారి కాలెత్తాడా?

రాకెట్టుకి ఒక నూనె డబ్బా, బల్లిరాజుకి ఐదు గజాల రబ్బరు పెట్టుకుని మేం శుక్రలోకం వెళ్లొచ్చాం. నీ దగ్గర టెలిస్కోపు ఉంది. నువ్వు ఎక్కడికి వెళ్లావు?

నవ్వనీ. నవ్వించడానికే తీశాం. నేను వస్తున్నాను.

ఇట్లు,
పిన్ని

తా.క.: ఒక్కదాన్నే కాదులే. బల్లిరాజూ నేనూ కలిసే వస్తాం.

~

పిన్నికి నమస్కారాలు.

దండం పెడతాను, ఆ బల్లిరాజుని మాత్రం తేవద్దు. ఇన్నేళ్లు ట్రంకు పెట్టెలో పడి ఉంటే ఎంత కంపు కొడుతుందో ఆలోచించు. తప్పదంటే నాలుగు మడతలు పెట్టి, తాడుతో కట్టి, సైకిల్ స్టాండులో పడేసి రా. లోపలికి తెస్తే ప్రిన్సిపాల్ గారు నన్ను బతకనివ్వరు.

ఉంటాను,
నీ అక్క కొడుకు

తా.క.: ఇవాళ మంగళవారం. నాకు శనివారం జ్వరం వచ్చేలా ఉంది.

~

చిరంజీవి అబ్బాయికి దీవెనలు.

జ్వరం తగ్గిందని తలుస్తాను. నువ్వు రాలేదని, నువ్వు పంపిన కాగితంలోని నలభై ఒక్క తప్పులూ ప్రిన్సిపాలే చదివాడు. ఒక్కో తప్పుకీ పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. లేచి ఏదో ఒకటి అనేద్దామనుకున్నాను. ఇంతలో ఆయన కాగితం మడిచి, "నలభై రెండో తప్పు నేను. ఆ రబ్బరు లోపల ఉన్నది నేనే" అన్నాడు.

చదువుకునే రోజుల్లో వేసిన వేషం అది. ఉద్యోగానికి ఎక్కడ చేటో అని ఇన్నేళ్లూ నా నోరు మూయించాడు. ఇక దాచనని మొన్నామధ్య తనే ఉత్తరం రాసి నన్ను పిలిచాడు. "ఇవన్నీ నిజంగా తప్పులే. ఒక్కటి కూడా దిద్దను" అన్నాడు. పిల్లలు గర్జించమన్నారు. గర్జించాడు. ముందు వరసలో ఉన్న మీ లైబ్రేరియన్ లేచి నిలబడిపోయింది. ఆ తర్వాత ఆయన నవ్వాడు. పన్ను ఒకటి ఎప్పుడో ఊడింది, అందుకే ఇన్నాళ్లూ నవ్వలేదట.

నీ కిందటి ఉత్తరం ఆయనకి చూపించాను. నాలుగు మడతలంటే కష్టం, నడుము పట్టేసిందన్నాడు.

ఇట్లు,
పిన్ని

తా.క.: సోమవారం వెళ్లి కనపడు. పిల్లలతో కలిసి కొత్త సినిమా తీస్తాడట. మొదటి సీనులో "ఇది అసంభవం" అనగానే రాక్షసుడి నోట్లోకి పోయే సైంటిస్టు వేషం నీకు ఉంచాడు. కొలతలు నా దగ్గర ఉన్నాయి.