ఆపమన్న చెయ్యి

నాన్నా,

నువ్వు పోయిన ఇన్నేళ్లకు, ఈరోజు నేను ఆయాగా చేసే వార్డులో, లివర్ జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టరు ఒక బెంగాలీ రోగితో, "దాదా, బస్సు ఆపుతున్నట్టు చెయ్యెత్తండి" అన్నారు. ఎత్తిన చెయ్యి మణికట్టు దగ్గర వాలి, లేచి, మళ్లీ వాలింది. లివర్ చెడితే రక్తంలో అమోనియా పెరిగి మెదడుకెక్కుతుందట. తాగనివాళ్లూ తాగినట్టే తూలుతారట.

ఓడరేవు డాక్‌లో క్రేన్ ఆపమని నువ్వెత్తిన చెయ్యీ అలాగే వాలింది. తాగొచ్చావని గేటు బయటికి పంపేశారు. యూనియన్ వాళ్లూ నోరెత్తలేదు.

వాట్‌గంజ్‌లో ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"మీ నాన సుక్క ముట్టనేదని నాకు తెల్దేటి? డాక్టరు సెప్పాలేటి?" అంటూ అన్నం పెట్టింది.

కంచం ముందు కూర్చుని చెయ్యెత్తి చూసుకున్నాను. వాలలేదు. ఆ చేత్తోనే అన్నం కలుపుకున్నాను.