తడిబట్టతో కేదారం

తిరువూరు,
ఏప్రిల్ 2004.

మహారాజశ్రీ శ్రీవారి పాదాలకు నమస్కరించి సుబ్బలక్ష్మి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అక్కగారు మాణిక్యమ్మ వదిన, ఎ.కొండూరు బళ్లో పాఠాలు చెప్పుకుంటున్న మన ఉమ, అందరం బాగానే ఉన్నాం. హైదరాబాదులో మీ తమ్ముడి కొడుకు సాయిరాం ఇంట్లో మీరూ క్షేమమేనని, మీ ఉపన్యాసాలకు జనం విరగబడి వస్తున్నారని రాశారు. సంతోషం. వినేవాళ్లు దొరికితే మీకు వేరే మందు అక్కర్లేదు.

మీరడిగిన వాటికి జవాబులు. కాయ ఇంకా ముదరలేదు, ఆవకాయ వచ్చే నెలలోనే. గంపలగూడెం అంకారావు గారు ఈసారి కూడా మీతో కేదారం వస్తారట, ఆయన బ్రాందీ సీసాతో సహా. మీ నూలు పంచెలు ఉతికి పెట్టాను గానీ పంపడం లేదు. వదినను శనివారం హైదరాబాదు బస్సెక్కించమన్నారు. అదీ చెయ్యడం లేదు.

కోపం వచ్చిందా? రానివ్వండి. ఫోనులో చెబుదామంటే ఎస్టీడీ బూత్‌లో పదిమంది ముందు చెప్పే మాట కాదు. పైగా నేను మొదలుపెట్టగానే "సరే సరే" అని పెట్టేస్తారు. ఉత్తరంతో మీకా వీలు లేదు.

నిరుడు మనం కేదారం వెళ్లొచ్చిన దగ్గర్నుంచి మీరు చెప్పే కథ నాకు కంఠతా వచ్చేసింది. మందాకినిలో మునగడం, తడి పంచెతోనే దర్శనం చేసుకోవడం, మొదట వణకడం, తర్వాత ఆ వణుకు దానంతటదే ఆగిపోవడం, ఈశ్వరుడు మీ చలిని తీసేసుకోవడం. ఇప్పుడది నమ్మి బస్సెడు ముసలివాళ్లు మీ వెనక తడిబట్టలతో బయల్దేరుతున్నారు. ఆయాసంతో వీధి చివరికి కూడా నడవలేని మీ అక్కగారు వాళ్లలో ఒకరు. ఆవిడ అప్పుడే సాధన మొదలుపెట్టింది. పొద్దున్నే నూతి దగ్గర తడిచీరతో కూర్చుంటోంది. "వణుకొస్తే ఓర్చుకోవాలంట లక్ష్మీ, అది ఆగాక ఈశ్వరుడే చూసుకుంటాడంట. తమ్ముడు చెప్పాడు" అంటోంది. ఈ తిరువూరు ఎండల్లో చెమట తప్ప వణుకెక్కడిది ఆవిడకి?

అసలు జరిగిందేమిటో వినండి. బయల్దేరే ముందు అత్తగారి ధావళి పెట్టెలోంచి తీసిచ్చాను. ఉన్నిబట్ట, మడికి పనికొస్తుంది, తడిసినా ఒంటికి కాస్త వెచ్చగా ఉంటుంది. "ముసలమ్మల ధావళి నేను చుట్టుకోవాలా? తడిమడే శ్రేష్ఠం" అని పక్కన పారేశారు. శాస్త్రమంతా మీకు తెలుసు, పాపం ఆ మంచుకు తెలియదు.

గుడి నుంచి వస్తుంటే సన్నజల్లు, ఈదురుగాలి. మీరు వణుకుతున్నంతసేపూ నేను అంత భయపడలేదు. తర్వాత పంచె జారితే ముడి వేసుకోవడానికి మీ వేళ్లు పనిచెయ్యలేదు. నమకంలో ఒక్క స్వరం కూడా పోనివ్వని మనిషి, చెప్పిందే మళ్లీ మొదలుపెట్టి, నాలుక మడతపడి, తాగినవాడిలా తూలారు. వణుకు ఆగిపోయింది. "ఉక్కపోస్తోందే" అని నేను కప్పిన శాలువా తీసి విసిరేశారు. మీరు ఊరూరా చెప్పుకునే మహిమ అదే. వణకడానికి కూడా ఒంట్లో ఓపిక లేనప్పుడు అలా ఆగుతుందని, అదే ప్రాణం మీదికొచ్చిన గుర్తని మర్నాడు అక్కడి డాక్టరమ్మ చెప్పింది.

మిమ్మల్ని టీ కొట్టు గుడారంలో పడుకోబెట్టాం. అంకారావు గారు బ్రాందీ పోస్తానంటారు. ఇంకో పెద్దమనిషి కాళ్లూ చేతులూ గట్టిగా రుద్దుతానంటాడు. మరొకాయన లేపి పొయ్యి పక్కన కూర్చోబెడదామంటాడు. అందరూ చదువుకున్నవాళ్లే! ఎవరూ చెయ్యి వెయ్యొద్దని అరిచాను. బ్రాందీ వెచ్చగా అనిపిస్తూనే లోపలి వేడిని బయటికి లాగేస్తుందట. అంత చల్లబడ్డ మనిషిని రుద్దినా, కుదిపినా గుండె ఆగిపోవచ్చట. ఇవీ డాక్టరమ్మ మాటలే.

మరి డాక్టరమ్మ చెప్పకముందే నాకెలా తెలుసంటారా? ఉమ ఎనిమిదో నెలలో పుట్టి ఒళ్లంతా చల్లబడిపోయింది. మీకు గుర్తుండదు లెండి, పురుడని వీధి అరుగు దాటి లోపలికి రాలేదు. తడి తుడిచి, తలకు గుడ్డ చుట్టి, బిడ్డను రొమ్ముకు ఆనించుకుని దుప్పటి కప్పుకున్నాను. మీకూ అదే చేశాను.

ఇప్పుడు ఏడాదిగా దాచిన మాట. చెబితే ప్రాయశ్చిత్తమంటూ మళ్లీ చన్నీళ్లలో దూకుతారని దాచాను. మీ తడి పంచె మెల్లగా కత్తిరించి తీసేశాం. గుర్రాలు తోలే యాకూబు తన ఉన్నిటోపీ మీ తలకు పెట్టాడు. కింద గుర్రపు కంబళి పరిచి, పైన ఇంకొకటి కప్పి, మీ గుండెకు నా గుండె ఆనించి పడుకున్నాను. నా ఒంటి వేడి చాలదని మీ వీపును ఆనుకుని యాకూబు పడుకున్నాడు. మీకు మళ్లీ వణుకు మొదలైనప్పుడు నేను సంతోషంతో ఏడ్చాను. తెలివొచ్చి మింగగలిగాక, అతని గ్లాసులోనే పంచదార దండిగా వేసిన టీ తాగించాను. రెండో గ్లాసు మీరే అడిగారు.

నిన్న ఇదంతా వదినకు చెప్పాను. "అంటే ఏడాదిగా తమ్ముడు శుద్ధి లేకుండా అలాగే నా వంటింట్లోకి వస్తున్నాడా?" అని మొదట వంటిల్లంతా కడిగింది. సాయంత్రం వచ్చి పక్కన కూర్చుని, "నిజంగా పోయేవాడేనా?" అని అడిగింది. అవునన్నాను. తర్వాత "నేను రానని రాసెయ్" అంది.

మిమ్మల్ని ఆపడం నా తరం కాదు. ధావళి పార్సిలు చేసి పంపుతున్నాను. స్నానం చేస్తే వెంటనే ఒళ్లు తుడుచుకుని అది చుట్టుకోండి. మిగతావాళ్లకు ఉన్నిబట్టలు, టోపీలు, ప్లాస్టిక్ సంచుల్లో పొడిబట్టలు తెచ్చుకోమని చెప్పండి. ఉపవాసాలు వద్దు. మాట తడబడినవాణ్ని, అకారణంగా విసుక్కునేవాణ్ని ఒంటరిగా వదలొద్దు. ముందు ఈ ఉత్తరం వాళ్లందరికీ చదివి వినిపించండి. లేదంటే ఆ శనివారం బస్సులో వదిన బదులు నేనే దిగి, మీ సభలో లేచి చెబుతాను.

ఆ గుడారంలో ఈశ్వరుడు మిమ్మల్ని గుండెకు హత్తుకున్నాడని ప్రతి సభలోనూ కళ్లనీళ్లు పెట్టుకుంటారట కదా. ఎవరో హత్తుకున్న మాట నిజమే. అది నేను. వెనకవైపు యాకూబు.

ఇట్లు,
మీ మడి చెడగొట్టి మిమ్మల్ని దక్కించుకున్న భార్య,
సుబ్బలక్ష్మి.