వీధి తలుపు గంట

చిరంజీవి గడుగ్గాయికి నాన్నమ్మ దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఉత్తరమన్నాక అలా మొదలుపెట్టాలి కాబట్టి పెట్టాను. ఆ వాక్యంలో ఒక దిద్దుబాటు ఉంది, దానికి తరవాత వస్తాను. నువ్వూ, మీ ఆయనా, ఇంకా ముఖం చూపించని ఆ మూడో మనిషీ క్షేమమని తలుస్తాను.

'మొన్న ఫోనులో నేను మాట్లాడుతుంటే గురక వినిపించింది, నీదేనా?' అని అడిగావు. నాదే. మీ అత్తగారి గురించి చెబుతున్నావు. అంత రుచికరమైన ఘట్టంలో నిద్రపోయానంటేనే నా ఒంట్లో ఏదో తేడా ఉందని నీకు తెలియాలి.

ఇది మామూలు అలసట కాదే. బడిలో పొద్దంతా నిలబడి జీవశాస్త్రం చెప్పి, ఇంటికొచ్చి వంట చేసి, పరీక్ష పేపర్లు దిద్దిన రోజుల్లోనూ అలిసిపోయేదాన్ని. అది నేను సంపాదించుకున్న అలసట, పడుకుంటే పోయేది. ఇది నేను లేచేసరికే మంచం పక్కన కాచుకుని ఉంటోంది. జడ అల్లడం మొదలుపెట్టి సగంలో చేతులు దించేస్తాను. చదివిన పేజీనే మళ్ళీ చదువుతాను, అదీ కొత్తగానే ఉంటుంది.

అయినా నాకు ఒళ్ళు మండేది దానిక్కాదు, ఇంట్లోవాళ్ళ మర్యాదకి. కాసిని ఉల్లిపాయలు తరుగుతానంటే మీ అమ్మ "మీరు కూర్చోండి అత్తయ్యా" అంటుంది. కూర్చుంటే "పడుకోండి అత్తయ్యా" అంటుంది. పడుకున్నాక ఇంకేమంటుందోనని భయంగా ఉంది. మీ నాన్న గదిలోకొచ్చి, గొంతు తగ్గించి, "ఎలా ఉందమ్మా?" అంటాడు. "నువ్వు అడగకముందు బాగానే ఉందిరా" అన్నాను. చూడవచ్చినవాళ్ళ ముందు మొహం నవ్వుగా పెట్టుకుని కూర్చోవడానికే నాకున్న కాస్త ఓపికా ఖర్చయిపోతుంది. వాళ్ళు వెళ్ళాక మీ నాన్న, "హాయిగా కబుర్లతో పొద్దుపోయింది కదూ!" అని మురిసిపోతాడు.

పైగా ఒక గంట కొనుక్కొచ్చాడు. మీట నా చేతికి, మోగే డబ్బా హాల్లో. అది అచ్చం మన వీధి తలుపు గంటలాగే మోగుతుంది. నేను నొక్కితే వెళ్ళి వీధి తలుపు తీస్తారు. ఎవరూ లేరనుకుంటూ మళ్ళీ వేస్తారు. కొడుకుని ఇంజినీరింగ్ చదివించినందుకు నాకు జరగాల్సిందే.

ఇంత సేవ ఎందుకని అడుగుతావు. ఫోనులో చెబుదామంటే మీ నాన్న పక్కన నిలబడి, 'అది ఒట్టి మనిషి కాదు, చెప్పకు' అని కళ్ళతోనే బతిమాలుతాడు. ఒట్టి మనిషివి కాకపోయినా గట్టి మనిషివని నా నమ్మకం. అందుకే రాస్తున్నాను. మనిద్దరికీ ఈమధ్య స్కానింగులే కదా. నీ దాంట్లో వేళ్ళు కనిపించాయని సంబరపడ్డావు. నా దాంట్లో ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్ష చేశారు. నీ దానికి మీరింకా పేరు వెతుక్కుంటున్నారు. నా దానికి పెట్టేశారు. క్యాన్సర్.

డాక్టరు నీ వయసు పిల్ల. తొలిదశలోనే దొరికింది, ఆపరేషన్ చేసి తీసేస్తాం, ఆ తరవాత ఏ వైద్యమో చెబుతాం అంది. కణాలు ఎలా పెరుగుతాయో కాగితం మీద బొమ్మ గీసింది. బొమ్మ తప్పు. దిద్దాను.

"ఇంకా వైద్యమే మొదలవలేదు, అప్పుడే ఈ నీరసమేంటి డాక్టరుగారూ?" అని మీ నాన్న అడిగాడు.

"పరీక్షలకి తిరగడం, రిపోర్టు కోసం ఎదురుచూడటం, దిగులు, అదంతా ఒంటికి కష్టమే కదండీ. రక్తం తక్కువుందేమో కూడా చూద్దాం. రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అమ్మా?" అంది నావైపు తిరిగి.

లేదనడానికి నామోషీ వేసింది. "పగలు పడుతోంది" అన్నాను.

ఆపరేషన్‌కి తేదీ ఇచ్చింది. సరిగ్గా నీ కాన్పు నెల. నేను ఒప్పుకోలేదు. మనవరాలి కాన్పుకి వెళ్తానని మాటిచ్చాను, ఆ బిడ్డని ఎత్తుకుని వచ్చాక కోసుకోండి అన్నాను. ఆలస్యం మంచిది కాదని ఆ పిల్ల, మొండిదాన్నని మీ నాన్న, 'ఎప్పుడొస్తున్నావు, నా మీద కోపమా?' అని ఉత్తరంలో నువ్వు. ఎవరికీ జవాబివ్వలేదు.

నిన్న స్నానానికి వెళ్ళాను. తలంతా సబ్బు రుద్దుకున్నాక చెంబు ఎత్తబోతే చెయ్యి లేవలేదు. నిండు చెంబు కూడా కాదు. కళ్ళలోకి నురగ కారుతోంది. మీట దగ్గరే ఉంది కదాని నొక్కాను. మీ అమ్మ గబగబా వెళ్ళి వీధి తలుపు తీసింది. "ఎవరూ లేరే" అంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ తీసింది. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో నాకే తెలీదు.

నోరుందిగా, పిలవచ్చుగా అంటావు. నాకున్నదే నోరు. చివరి బెంచీవాణ్ణి సైతం కదలకుండా కూర్చోబెట్టిన నోరు. తిట్టడానికి లేచినంత సులువుగా, సాయం రమ్మనడానికి లేవలేదే. చివరికి ఒక్క మాట వచ్చింది. "అమ్మా" అన్నాను.

ఎవరిని పిలిచానో నిజంగా తెలీదు. ఎప్పుడో పోయిన మా అమ్మనా, దెబ్బ తగిలితే అందరూ అనే ఉత్త అమ్మనా! మీ అమ్మ మాత్రం తననే అనుకుని పరిగెత్తుకొచ్చింది. తల మీద నీళ్ళు పోస్తూ, "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నన్ను అమ్మా అని పిలవలేదు అత్తయ్యా" అంది. తన కళ్ళూ ఎర్రబడ్డాయి. సబ్బు పడిందేమో చూసుకోమన్నాను. పొరపాటు పడ్డావని మాత్రం చెప్పలేదు. తెలిసి తెలిసి దిద్దకుండా వదిలేసిన తప్పు నా సర్వీసులో ఇదొక్కటే.

చెంబు ఎత్తలేనిదాన్ని నీ బిడ్డనేం ఎత్తుతాను? ఆ తేదీకే సరేనని ఇవాళ డాక్టరుకి ఫోను చేశాను. కనుక నీ కాన్పుకి నేను రావడం లేదు. ఇది రాయడానికి ఇంత చుట్టు తిరిగాను. మీ అమ్మని ఎటు పంపాలా అని మీ నాన్న జుట్టు పీక్కుంటున్నాడు. ఇద్దరం ఒకే మనిషిని అమ్మా అంటున్నాం కాబట్టి పంచుకోక తప్పదు. ఆపరేషన్ అయి నేను ఇల్లు చేరాక నీ దగ్గరికి పంపిస్తాను. నీ బిడ్డకి తొందరైతే ముందు నీకే. నా దగ్గర మీ నాన్న ఉంటాడు, వీధి తలుపు తీస్తూ.

ఇక ఆ దిద్దుబాటు: ఇక్కడ మేమంతా క్షేమం, నేను తప్ప. ఏడవాలనిపిస్తే కాసేపు ఏడువు, తరవాత అన్నం తిను. జవాబు రాసేటప్పుడు ఎలా ఉన్నావని మాత్రం అడగకు. మీ అత్తగారి సంగతి మొదటినుంచీ రాయి. మధ్యలో నిద్రపోయినా, లేచి మళ్ళీ చదువుకుంటాను.

ఇట్లు,
మీ అమ్మకి ఈ వయసులో పుట్టిన పెద్దకూతురు,
అనగా నీ నాన్నమ్మ.