పండుగ ఊరేగింపు

శేషగిరీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. సంస్మరణ సభలో అందరూ నీ తూర్పు జర్మనీ యాత్రా పుస్తకాన్నే పొగిడారట. నేను వెళ్లలేదు. లైప్‌జిగ్‌లో చదువుకుంటున్న మనవరాలి దగ్గర ఉన్నాను.

ఎనభై తొమ్మిదిలో మనం ఇక్కడ దిగిన హోటల్ ఇంకా ఉంది. ఇప్పుడు దాని ముందు టూరిస్టులు టికెట్లు కొని మరీ నిలబడుతున్నారు. పోలీసుల చేతుల్లో తుపాకులున్నాయని తెలిసి కూడా, కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని ధిక్కరించి జనం కొవ్వొత్తులతో ఈ వీధిలోనే నడిచారని గైడు చెప్పాడు.

ఆ సాయంత్రం మనం వాళ్లను కిటికీలోంచి చూశాం. అన్ని పుస్తకాలు చదివినవాళ్లం, అదేమిటో మనకు తెలియకపోలేదు. "తెర లాగరా, చలేస్తోంది" అన్నావు. లాగాను. ఇంటికొచ్చి "పండుగ ఊరేగింపు చూశాం" అని రాశావు. ప్రూఫులు దిద్దింది నేనే. 'ఊరేగింపు'లో అచ్చుతప్పు ఒక్కటే సరిచేశాను.

"తాతయ్యా, నువ్వప్పుడు ఇక్కడే ఉన్నావుగా! ఏం చూశావో చెప్పు, వీళ్లకి జర్మన్‌లో చెప్తా" అంది మనవరాలు.

"పండుగ ఊరేగింపు" అన్నాను.

అది జర్మన్‌లో విని గైడుతో సహా అందరూ హాస్యమనుకుని నవ్వారు. నా ఈడు ముసలావిడ ఒకతె మాత్రం నవ్వకుండా, హోటల్ కిటికీల వైపు చూపిస్తూ ఏదో అంది.

"ఏమంటోందే?"

మనవరాలు కాస్త తటపటాయించింది. "ఆవిడా ఆ రోజు నడిచిందంట తాతయ్యా. తెరలు లాగుతుంటే కిందికి బాగా కనపడేదంట."

మనం కనపడ్డాంరా, శేషగిరీ.