అమావాస్యనాటి చప్పుడు

బావా,

నువ్వు పోయాక మన పాత వ్యాన్‌ను తిరువళ్ళూరు షోరూంలో సర్వీసుకు ఇచ్చాం. నువ్వెప్పుడూ పోసే చిక్కటి ఇంజనాయిల్ డబ్బా తీసుకుపోయాను. పడుగు నూలుకు పెట్టే గంజిలాగే దాన్నీ రెండు వేళ్ళ మధ్య రాసి చూసేవాడివి. పల్చటిదైతే పాత ఇంజను అరిగి దారిలోనే పట్టేస్తుందనేవాడివి. అక్కడి సూపర్‌వైజర్ డబ్బా ముట్టుకోనైనా లేదు.

"ఇంత చిక్కటిది ఇప్పుడెవురు పోస్తారక్కా? పల్చటిది పోసినాము, మైలేజీ బాగొస్తాది" అన్నాడు.

మన అమ్మాయి కవిత కూడా "వాళ్ళకి తెలీదా మా?" అంది. డబ్బా వెనక్కి తెచ్చేసుకున్నాను.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే, కవిత చీరల మూటలు ఎక్కించే వేళకు, టకటకమని చప్పుడు వినపడుతోంది. నేను వంటింట్లో ఉంటాను. ఎదురింటి మగ్గమే అనుకున్నాను. ఇంటింటా మగ్గమున్న మన అత్తిమంజేరిపేటలో ఆ చప్పుడుకు బయటికొచ్చి చూసేదెవరు?

ఈరోజు అమావాస్య, నీ సంవత్సరీకం. అమావాస్య సెలవని వీధిలో మగ్గాలన్నీ ఆపేశారు. నీకు పెట్టడానికి వడలు వేస్తున్నాను.

"తిరుత్తణి కొండ మీద గుళ్ళో అత్త ఉంది, పిల్చుకోని వస్తా మా" అని కేకేసి కవిత బయలుదేరింది.

టకటక మొదలైంది. నేను వాకిట్లోకి వచ్చేసరికి ఆ చప్పుడు వ్యాన్‌తోపాటే వీధి మలుపు తిరిగిపోయింది.

అప్పటినుంచి కవితకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది. బండి కొండ ఎక్కేటప్పుడు ఫోన్ ఎత్తకూడదని దానికి నేర్పింది నువ్వే కదా బావా.