గంపలూ, పాస్‌వర్డులూ

4 ఆగస్టు 2025, సోమవారం

హిమబిందుకి కాలేజీలో కొత్త పని అంటగట్టారు. స్టాటిస్టిక్స్ చెప్పే ఆయన జూన్‌లో బదిలీ అయ్యాడు. ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. సెకండియర్ పిల్లలు ఆ పేపర్‌ని ఆన్‌లైన్‌లో, ఎవరైనా చేరగలిగే ఓపెన్ కోర్సులో చదివి పాసవ్వాలట. వాళ్లని అందులో చేర్పించి దారిలో పెట్టే పని నా మనవరాలిది. హిమబిందు అక్కడ గెస్ట్ లెక్చరర్, చెప్పేది కంప్యూటర్లు. చిన్నపిల్లవి, ఫోన్ బాగా నొక్కుతావు, నువ్వే చూడమ్మా అన్నాడట ప్రిన్సిపాల్ రమణమూర్తి. ఈ లెక్కన రోజూ మిక్సీ నొక్కే నన్ను ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్‌కి హెడ్‌ని చెయ్యాలి.

పైకి విసుక్కుంది గానీ భోంచేస్తూ కూడా ప్లాన్లు వేస్తూనే ఉంది. నా పోలిక.

6 ఆగస్టు, సాయంత్రం

కాలేజీ ల్యాబ్‌లో సగం కంప్యూటర్లు అలంకారానికి. అందుకని పిల్లల్ని మా ఇంటి వై-ఫైకి తోలుకొచ్చింది. గుమ్మంలో చెప్పులు చూసి ఎదురింటి సుధారాణి, పెళ్లిచూపులేటండీ అని ఆరా తీసింది. ఔను, కంప్యూటర్‌కి, అన్నాను.

దేవీప్రసాద్ అనే కుర్రాడు పాస్‌వర్డ్ పెడతాడు, మరుస్తాడు, మళ్లీ పెడతాడు. మరిచిపోని మాట ఏదైనా పెట్టుకోరా అంటే, అలాటిదే ఎట్టాను మామ్మగారూ, అదేటో గుర్తు రాటం నేదు అన్నాడు.

సాయిదుర్గ వేరు. మా ఇంటికి చేపలు తెచ్చే జాలరిపేట చిట్టమ్మ కూతురు. తన పని అయ్యాక పక్కవాళ్ల ఫోన్లు లాక్కుని వాళ్లవీ చేసేసింది. అప్పుడే నాకు ముచ్చటేసింది. అనుమానం రావలసింది.

నేనూ చేరాను. ఉద్యోగమంతా చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని, ఎవరైనా చేరొచ్చు అన్నాక ఊరుకుంటానా. పుట్టిన సంవత్సరం కోసం తెర మీద వేలితో లాగుతూ లాగుతూ పోయాను. ఇంకొంచెం లాగితే స్వాతంత్ర్యం వచ్చేసేది.

11 ఆగస్టు

మొదటి వీడియో చూశాను. పాఠం చెప్పే ఆయన ఒక్కసారైనా మన మొహం చూడడు. వెనక బెంచీ వాళ్లకి స్వర్గం.

17 ఆగస్టు, ఆదివారం

మొదటి అసైన్‌మెంట్ అందరూ గడువుకి ముందే పంపేశారు. హిమబిందు ప్రిన్సిపాల్‌కి ఫోన్‌లో చెబుతూ, వంటింట్లో ఉన్న నాకు వినబడేలా గొంతు పెంచింది. విననట్టే పులిహోర కలిపాను. ఉప్పు రెండుసార్లు పడింది.

19 ఆగస్టు

అందరి జవాబులూ ఒకటేనట. తప్పు జవాబు కూడా అందరిదీ ఒకటే. కోర్సు వాళ్లు అసైన్‌మెంట్లన్నీ రద్దు చేసి, మరోసారి ఇలా జరిగితే పేర్లే తీసేస్తామని మెయిల్ పెట్టారు.

రమణమూర్తి ఫోన్‌లో అరిచాడు. ఈ తలనొప్పి మనకెందుకమ్మా, మానిపించెయ్, వచ్చే ఏడు చూసుకుందాం అని.

వచ్చే ఏడు ఆయనకి ఉంది. సాయిదుర్గకి లేదు. ఈ పేపర్ పోతే చదువు మాన్పించి రొయ్యలు ఒలిచే షెడ్డులో పెట్టేస్తానని చిట్టమ్మ ముందే చెప్పింది. పిల్ల పిన్ని అక్కడ పని మాట్లాడి ఉంచింది కూడా.

హిమబిందు అన్నం ముట్టలేదు. నేను సలహా ఇవ్వకుండా కంచం మీద మూత పెట్టాను. మా ఇంట్లో అది వార్త.

20 ఆగస్టు

సాయిదుర్గని పిలిపించాను. కాపీ కొట్టారా అని అడిగితే తల దించుతుందనుకున్నాను. దించలేదు. కాపీ ఏటి మామ్మగారూ, తలో ప్రశ్న పంచుకున్నాం, ఎవులి ప్రశ్న ఆలు కష్టపడి సేసినారు, ఆనక కలిపేసుకున్నాం అంది. బోటు మీద వల ఒక్కడే లాగుతాడేటి, అందరూ లాగుతారు, అందరికీ వాటా ఎల్తాది, జొరమొచ్చి ఒడ్డున ఉండిపోయినోడికి కూడా మా నాన్న వాటా తీత్తాడు, అది కాపీయా అని నన్నే నిలదీసింది.

ఇంత న్యాయమైన రాజ్యం గురించి నేనెప్పుడూ పాఠం చెప్పలేదు. కాఫీ ఇచ్చి పంపాను.

21 ఆగస్టు, ఉదయం ఏడు

చిట్టమ్మ కానాగంత చేపలు తెచ్చింది. వెనక వీధిలో చిలకమ్మ ఇంతకన్నా తక్కువకి ఇస్తోందే, ఇద్దరివీ ఒకే బోటు చేపలు కదా అని మామూలుగా బేరం మొదలెట్టాను. బోటు ఒకటైతే అయ్యింది, ఒడ్డుకొచ్చినాక దాని గంప దానిది, నా గంప నాది, దాని నోరెట్టుకుని నా సేపలు అమ్ముతానేటమ్మా అని గంప ఎత్తుకోబోయింది.

బేరం ఆపి అడిగినంతా ఇచ్చేశాను. అనుమానమొచ్చి తన చేపల్ని తనే ఒకసారి వాసన చూసుకుంది.

అదే రోజు, సాయంత్రం

పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పాను. వీడియోలు చూడడం, అర్థం కానిది అడగడం, పోట్లాడుకోవడం, ఇదంతా సముద్రం మీద పని. కలిసి లాగండి. అసైన్‌మెంట్ తెరిచారంటే ఒడ్డుకొచ్చినట్టు. అక్కణ్ణుంచి ఎవరి గంప వాళ్లు మొయ్యాలి.

ఇది మాయమ్మ సెప్పిందా అంది సాయిదుర్గ. చెప్పలేదు, తిట్టింది, అన్నాను.

కోర్సు వాళ్లకి మెయిల్ ఆ పిల్లే రాసింది, జరిగింది జరిగినట్టు, బోటు వాటాలతో సహా. ఇంగ్లీషు దిద్దబోతే ల్యాప్‌టాప్ అటు తిప్పేసుకుంది.

26 ఆగస్టు

ఒక్క అవకాశం ఇచ్చారు. కొత్త ప్రశ్నలు. ఆదివారం దాకా.

31 ఆగస్టు, ఆదివారం

పొద్దున్నంతా మా హాలు చేపల వేలంలా ఉంది. సగటుకీ మధ్యగతానికీ తేడా మీద ఒకడు గోడ మీద చెయ్యేసి కొట్టాడు, సున్నం రాలింది. భోజనాలయ్యాక హిమబిందు ఒక్కటే మాట అంది, ఇక గంపలెత్తండి అని. ఎక్కడివాళ్లక్కడ విడిపోయారు. మెట్ల మీద ఒకరు, డాబా మీద ఇద్దరు ఎడమొహం పెడమొహంగా, దేవీప్రసాద్ వంటింట్లో గ్యాస్ సిలిండర్ పక్కన. సాయిదుర్గ పెరట్లో బట్టలుతికే రాయి మీద, చున్నీ నడుముకి బిగించి, వాళ్లమ్మ బేరానికి కూర్చున్నట్టే కూర్చుంది.

అంతమంది ఉన్న ఇంట్లో ఫ్యాన్ చప్పుడు వినబడింది. గుమ్మంలో నిలబడ్డ హిమబిందుని చూశాను. లెక్చరర్‌లా ఉంది. ఈ మాట దానికి చెప్పను. తలకెక్కుతుంది.

2 సెప్టెంబర్

మార్కులొచ్చాయి. అందరూ నిలబడ్డారు. దేవీప్రసాద్ అంచు మీద నిలబడ్డాడు, పాస్‌వర్డ్ కూడా గుర్తుంది. తప్పులు చాలా ఉన్నాయి, ఒక్కటీ ఇంకొకరి దానిలా లేదు. జీవితంలో తప్పులు చూసి ఇంత గర్వపడటం ఇదే మొదలు. నా మార్కులు ఇక్కడ రాయను.

చిట్టమ్మ వచ్చి, పిల్ల ఫోన్‌లో పచ్చగా ఏదో సూపించినాది, ఏటో నాకు తెల్దు గానీ, షెడ్డులో దానికి పనొద్దని సెల్లికి సెప్పేసినాను అంది. చేపల ధర మాత్రం తగ్గించలేదు.

స్టాఫ్ మీటింగ్‌లో ఈ ఆలోచన మొదట్నుంచీ తనదేనని రమణమూర్తి చెప్పుకున్నాడట. చెబుతూ హిమబిందు పడీ పడీ నవ్వింది. మొదటి ఏడాది పిల్లలు కూడా తమని చేర్పించమని దాని వెంట పడుతున్నారట.

7 సెప్టెంబర్

మూడో అసైన్‌మెంట్, అయిదో ప్రశ్న. ఎంత చేసినా తేలలేదు. సాయిదుర్గకి ఫోన్ చేసి చిన్న సాయం అడిగాను.

మీ గంప మీదే మామ్మగారూ అని పెట్టేసింది.

ఎత్తుకున్నాను.